జాబితాలో చివరి ఊరు

ఆరిన్ బాచెల్డర్‌కు సైన్యం ఒక పతకం ఇచ్చింది. ఎందుకిచ్చిందో అతనికి చివరిదాకా అర్థం కాలేదు. దాన్ని మేకుల డబ్బాలో పడేశాడు. మేకు కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా అది వేళ్ళకు తగిలేది. పక్కకు జరిపి మేకు తీసుకునేవాడు.

కొరియాలో ఒక కొండ. దానికి పేరు లేదు, ఎత్తు చెప్పే అంకె మాత్రం ఉంది. నవంబరు చివర. లెఫ్టినెంటు ఆరిన్‌ను ఒక బండరాయి వెనక తుపాకీతో కూర్చోబెట్టి, "నేను వచ్చేదాకా ఇక్కడే ఉండు" అని కిందికి వెళ్ళాడు. దారిలోనే చనిపోయాడు. మిగతా దళమంతా వెనక్కి మళ్ళింది. ఆరిన్‌కు ఆ కబురు అందలేదు. రెండు రోజులు మంచులో అలాగే ఉన్నాడు. మూడో రోజు అటుగా వచ్చిన వేరే దళం వాళ్ళు అతన్ని చూసి కిందికి దింపారు. మంచు తినేసి ఎడమకాలి వేళ్ళు మూడు పోయాయి. పతకంతో ఇచ్చిన పత్రంలో, ఒంటరిగా స్థావరాన్ని నిలబెట్టాడని రాశారు.

"నేనేం నిలబెట్టలేదు లూయెలా" అని నాతో అన్నాడు ఒకసారి. "నన్ను ఎవరూ రమ్మనలేదు, అంతే. వాళ్ళు వెళ్ళిపోయారని తెలిస్తే నేనూ వెళ్ళిపోయేవాణ్ణి. అనుకుంటాను."



యార్డ్లీ అనే మా చిన్న ఊరికి నేను పందొమ్మిదేళ్ళు గుమాస్తాను. ఊరి పుస్తకం మా వంటింట్లో, పిండి డబ్బా పైన అలమరలో ఉండేది. పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరంతా కూర్చుని తీర్మానించిన సంగతులు అందులో రాసేదాన్ని. ఆ రోజుల్లో మా వెర్మాంట్ రాష్ట్రంలో ఊరు చిన్నదైనా పెద్దదైనా శాసనసభకు ఒక మనిషిని పంపేది. మా ఊరి జనం ముప్ఫై ఎనిమిది. మాకూ ఒక కుర్చీ ఉండేది.

ఆ కుర్చీ కోసం యార్డ్లీలో ఎవరూ పోటీ పడేవారు కాదు. వంతు ఉండేది. ఒకసారి ఏటి దారి వాళ్ళది, తర్వాత చెరువు వైపు వాళ్ళది, ఆ తర్వాత కొండ దారి వాళ్ళది. యాభై ఆరులో వంతు కొండ దారికి వచ్చింది. కొండ దారిలో వెళ్ళదగిన మగవాళ్ళు ఇద్దరే. ఒకాయనకు చెవుడు. రెండోవాడు ఆరిన్.

జిల్లా పత్రికలో మాత్రం, యుద్ధవీరుణ్ణి ఎన్నుకున్న కుగ్రామం అని వేశారు. మా అందరికీ చదువు చెప్పిన థర్జా సాటెల్ టీచర్ ఆ పత్రికను మడిచి పొయ్యి అంటించింది.

"వీరుడట. చెవులు వినపడతాయి, అదీ వాడి అర్హత" అంది.

వెళ్ళేముందు ఆరిన్ మా ఇంటికి వచ్చాడు.

"నేనక్కడ ఏం చెయ్యాలి లూయెలా?"

"ఊరి పేరు పిలిచినప్పుడు లేచి అవుననో కాదనో అనాలి."

"ఏది అనాలో ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతే పక్కవాణ్ణి చూడు. మా నాన్న రెండేళ్ళూ అదే చేశాడు."

"పక్కవాడికి తెలుసని ఏమిటి నమ్మకం?"

 రెండు గారెల్లాంటి డోనట్లు కాగితంలో చుట్టి ఇచ్చాను. సూట్‌కేసు పట్టుకుని కుంటుతూ వెళ్ళాడు.

అతను వెళ్ళిన రెండో వారంలోనే ఆ బిల్లు వచ్చింది. యార్డ్లీని ఊళ్ళ జాబితాలోంచి తీసెయ్యాలని. ఇళ్ళు ఉంటాయి, మనుషులు ఉంటారు, కొండ ఉంటుంది. ఊరు మాత్రం ఉండదు. గుమాస్తా ఉండదు, మార్చి సమావేశం ఉండదు, సభలో కుర్చీ ఉండదు. దారులు చూడటానికి పైనుంచి ఒక అధికారిని పంపుతారు. ఇంత కొద్దిమందికి ఇంత పాలన దండగని బిల్లులో మర్యాదైన మాటల్లో రాసి ఉంది.

మా హాల్లో పొయ్యి చుట్టూ చేరి మాట్లాడుకున్నాం. కాదనమని ఆరిన్‌కు ఉత్తరం రాశాను. థర్జా టీచర్ 'కాదు' అన్న మాట కింద ఒక గీత గీసింది. గీతతోబాటు కాగితం కొంచెం చిరిగింది.

రాజధాని మాంట్‌పీలియర్‌లో ఆరిన్ ఒక పూటకూళ్ళ ఇంట్లో ఉండేవాడు. పది మంది సభ్యులు ఒకే బల్ల దగ్గర తినేవారు. అతనికి ఎదురుగా కూర్చునేది లియో దెరోషే. కార్వర్ ఫాల్స్ అనే మిల్లు పట్టణం నుంచి వచ్చినవాడు. కెనడాలోని క్విబెక్ నుంచి వచ్చినవాళ్ళ సంతతి. ఇరవై ఏళ్ళు ఉన్ని మగ్గాల మధ్య పనిచేసి దగ్గు తెచ్చుకున్నాడు. అంతకుముందు జరిగిన పెద్ద యుద్ధంలో అతనూ సైనికుడే, వంటశాలలో.

"నువ్వు కొండ మీద కూర్చున్నావు. నేను ఫ్రాన్సులో రెండేళ్ళు గుడ్ల పొడి కలిపాను. నాకెవడూ పతకం ఇవ్వలేదు చూడు" అన్నాడట మొదటి రోజే.

"కావాలంటే నాది తీసుకో. మేకుల డబ్బాలో ఉంది."

లియో ఇతను వేళాకోళం ఆడుతున్నాడా అని చూశాడట. ఆడటం లేదు.

"మీ ఊళ్ళో ఎంతమంది?"

"ముప్ఫై ఎనిమిది. లెబారన్ వాళ్ళకి పాప పుడితే ముప్ఫై తొమ్మిది."

"మా వీధిలో ఒక్క మేడలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. మాది ఏడు వేల పట్టణం. నాకూ ఒకటే ఓటు, నీకూ ఒకటే ఓటు. ఇదేం లెక్కయ్యా?"

ఆరిన్ బంగాళాదుంప నమిలి మింగాడు.

"లెక్క సరిగా లేదు."

"ఒప్పుకుంటున్నావుగా. మరి ఆ బిల్లుకు అవునను, మా వైపు రా."

"రాను."

"ఎందుకు?"

"మావాళ్ళు వద్దని రాశారు. టీచర్ గీత కూడా గీసింది."

"మరి నువ్వేమంటావు?"

"లెక్క తప్పంటాను. ఊరు పోకూడదంటాను. రెండూ ఎలా అంటానో అదే తెలియటం లేదు."

లియో దగ్గేదాకా నవ్వి, దుంపల గిన్నె అతని వైపు తోశాడు. "నీతో వాదించడం ఆవుతో వాదించినట్టే. తలూపుతుంది, కదలదు."

అప్పటి నుంచి ఇద్దరూ కలిసి నడిచి సభకు వెళ్ళేవారు. లియో ఊపిరి కోసం ఆగేవాడు, ఆరిన్ కాలి కోసం ఆగేవాడు. ఎవరికోసం ఎవరు ఆగారో చూసేవాళ్ళకు తెలిసేది కాదు.

ఫిబ్రవరిలో లియోను ఆసుపత్రిలో చేర్చారు. బిల్లు మీద ఓటు శుక్రవారం అని బుధవారం తేలింది. ఆ సాయంత్రం ఆరిన్ చూడటానికి వెళ్ళాడు.

"శుక్రవారానికి లేస్తావా?"

"డాక్టరు సోమవారం అంటున్నాడు. వాళ్ళెప్పుడూ సోమవారమే అంటారు. నాతో జత కడతావా?"

సభలో పాత ఆచారం ఒకటి ఉంది. ఒక బిల్లు మీద అవుననేవాడు రాలేకపోతే, కాదనేవాడు ఒకడు అతనికి మాట ఇచ్చి తనూ ఓటు మానేస్తాడు. రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గుతుంది. దాన్నే జత అంటారు. కాగితం ఉండదు, చేతిలో చెయ్యి వెయ్యడమే. పేరు పిలిచినప్పుడు లేచి, ఫలానా సభ్యుడితో జతలో ఉన్నానని చెప్పి కూర్చోవాలి. మాట తప్పినవాడికి శిక్ష లేదు. అతని పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినరు, అంతే.

"నేను లేచేదాకా నువ్వూ వెయ్యకు" అన్నాడు లియో. "కాదనేవాళ్ళు నూరు మంది ఉన్నారు. నిన్నే ఎందుకు అడిగానో తెలుసా?"

"తెలియదు."

"నువ్వు కొండ దిగనివాడివి."

"అది పొరపాటున జరిగింది లియో."

"ఎలా జరిగితేనేం."

చెయ్యి చాచాడు. ఆరిన్ పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలిపోతూ ఉందని తర్వాత నాకు చెప్పాడు. అటు ఒకటి, ఇటు ఒకటి తగ్గితే సమానమే కదా అనుకున్నాడు. మాకు రాయలేదు.

శుక్రవారం థర్జా టీచర్, నేను పాల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని మాంట్‌పీలియర్ వెళ్ళాం. పైన జనం కూర్చునే వరండాలో మొదటి బెంచీలో చోటు దొరికింది. టీచర్ సంచీలోంచి పెన్సిలు, పాత క్యాలెండరు కాగితం తీసింది.

లియో ఆ పొద్దున పోయాడు. మాకు తెలియదు. ఆరిన్‌కు సభ వాకిట్లో తెలిసింది. తిన్నగా సభ గుమాస్తా దగ్గరికి వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్న ముసలాయన. నియమాల పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పాడు.

"ఇందులో బతికున్నవాళ్ళ గురించే రాశారయ్యా."

"మరి నేను ఓటు వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చు. వెయ్యమని మాత్రం నేను చెప్పను."

కార్వర్ ఫాల్స్ పక్క ఊరి సభ్యుడు భుజం పట్టుకుని ఆపాడు. "జత కట్టి ఉండకపోతే లియో స్ట్రెచరు మీదైనా వచ్చేవాడు. నీ మాట మీద పడుకున్నాడు." అటుపక్కనుంచి ఇంకొకడు, మా పక్షం వాడు, "చనిపోయినవాడికి ఓటు లేదోయ్. నీకుంది. నిన్ను పంపింది ఆయన కాదు" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే అనిపించిందట. అది ఇంకా కష్టమైందట.

పిలుపు మొదలైంది. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షర క్రమంలో. ఒక్కొక్కరూ లేచి ఒక్క మాట అని కూర్చుంటున్నారు. టీచర్ గీతలు పెడుతోంది. "కార్వర్ ఫాల్స్" అని అలవాటుగా చదివాడు గుమాస్తా. ఎవరూ లేవలేదు. గుమాస్తా కళ్ళజోడు తీసి, తుడుచుకుని, తర్వాతి పేరు చదివాడు. ఆ కుర్చీలో మనిషి పొద్దున పోయాడని వెనక బెంచీలో ఎవరో చెబితే మాకు తెలిసింది.

యార్డ్లీ అక్షర క్రమంలో చిట్టచివరిది. అక్కడికి వచ్చేసరికి సభలో పెన్సిలున్న ప్రతివాడికీ లెక్క తెలుసు. అవును నూట తొమ్మిది. కాదు నూట ఎనిమిది.

"మనం కలిస్తే సమానం. సమానమైతే బిల్లు పోతుంది" అంది టీచర్. పెన్సిలు సంచీలో వేసి బొత్తాం పెట్టుకుంది. "అయిపోయింది. ఊరు ఉంది."

"యార్డ్లీ."

ఆరిన్ లేచాడు. ఒక చెయ్యి బల్ల మీద ఆనించాడు. "స్పీకర్ గారూ" అని ఆగాడు. 

"నేను కార్వర్ ఫాల్స్ సభ్యుడితో జతలో ఉన్నాను. ఆయన ఉంటే అవును అనేవారు. నేను కాదు అనేవాణ్ణి."

కూర్చున్నాడు. వెంటనే మళ్ళీ లేచాడు. రెండు వందల తలలు అతని వైపు తిరిగాయి. ఏమీ అనకుండా నిలబడ్డాడు.

"యార్డ్లీ సభ్యుడు ఇంకేమైనా చెప్పదలిచారా?" అని స్పీకరు మెల్లగా అడిగాడు.

"తెలియదండీ."

ఎవరో నవ్వబోయి మానేశారు. ఆరిన్ కూర్చున్నాడు. సుత్తి చప్పుడైంది. బిల్లు ఒక్క ఓటుతో గెలిచింది.

టీచర్ నా వైపు తిరిగింది. "ఏమన్నాడు వాడు?"

"జతలో ఉన్నాడట. ఓటు వెయ్యడట."

"ఎవరితో జత?"

"ఆ పోయినాయనతో."

"పోయినాయన ఇక రాడని వీడికి తెలుసు కదా?"

"తెలిసే ఉంటుంది."

"మరి ఎవరికోసం ఆగాడు?"

తిరుగు దారిలో లారీలో ఖాళీ పాల క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఆరిన్ లియో అంత్యక్రియలకు వెళ్ళి, ఆ తర్వాతే ఊరికి వచ్చాడు. తిన్నగా మా వంటింట్లోకి వచ్చి కోటు విప్పకుండా కూర్చున్నాడు.

"లియో భార్య నన్ను గుర్తుపట్టింది. కుంటుకుంటూ వచ్చేది మీరేనా అంది. మా ఆయనకీ మీకూ ఏమిటి మాట అని అడిగింది."

"చెప్పావా?"

"చెప్పాను. అప్పుడు ఆమె అంది, గురువారం అంతా ఒకటే అడిగాడట. వాడు కూర్చునే ఉన్నాడా అని. ఎవరి గురించో వీళ్ళకి తెలియదు. ఊరటగా ఉంటుందని ఆమె, ఆ, కూర్చునే ఉన్నాడు అందట."

"మరి నువ్వు కూర్చునే ఉన్నావుగా."

"అది కాదు లూయెలా. ఓటు శుక్రవారం. ఆమె గురువారమే నా తరఫున చెప్పేసింది." కప్పు చేతిలో తిప్పాడు. "అసలు ఎందుకడిగాడు? కూర్చుంటానో లేదో అనా? పాపం ఇంకా కూర్చునే ఉన్నాడా, ఇక లేవమనండి అనా?"

"ఆయన ఎందుకడిగాడో నీకెలా తెలుస్తుంది?"

"తెలియదు. అడగడానికి మనిషి లేడు. అప్పుడూ అంతే. లెఫ్టినెంటునీ అడగాలనుకున్నాను."

కాఫీ చల్లారిపోయింది. వేడిది పోస్తే తాగాడు. నేను కోపంగా ఉన్నానా అని అడిగాడు. ఉన్నానో లేదో నాకే తేలలేదు. అదే చెప్పాను. తలూపాడు, అది అతనికి బాగా తెలిసిన సంగతే అన్నట్టు.

ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. మాట నిలబెట్టాడని ఒకరు, మనల్ని ముంచాడని ఒకరు. పొద్దున ఒకటి అన్నవాళ్ళే సాయంత్రం ఇంకోటి అన్నారు. బిల్లు పై సభ కూడా దాటింది. జూన్ ఆఖరుతో ఊరు ముగుస్తుంది. ఇక మిగిలింది ఒక్క మార్చి సమావేశం.

ఆ సమావేశంలో చర్చించే అంశాల పట్టిక ఓటుకు ముందే, ఫిబ్రవరి మొదట్లోనే నేను టైపు చేసి హాలు తలుపుకు మేకు కొట్టాను. ఒకసారి తలుపెక్కితే అందులో అక్షరం మార్చకూడదు. పదకొండో అంశం ఎప్పుడూ ఉండేదే: శాసనసభలోని మన ప్రతినిధికి ఊరు ధన్యవాదాలు తెలుపుతుందా. మా నాన్నకు తెలిపారు. ఆయన ముందువాళ్ళందరికీ తెలిపారు. ఎప్పుడూ అర నిమిషం పట్టేది.

ఆ మంగళవారం ఇరవై తొమ్మిది మంది వచ్చారు. చిక్కుడు గింజల కుండలు పొయ్యి మీద వరసగా ఉన్నాయి. ఆరిన్ తలుపు దగ్గర చివరి బెంచీలో కూర్చున్నాడు. పది అంశాలు అయ్యాయి. అధ్యక్షత వహించే హారిస్ పెక్ పదకొండోది చదివాడు. 

"ఎవరైనా ప్రతిపాదిస్తారా?"

పొయ్యిలో కట్టె విరిగిన చప్పుడు.

"ఏదో ఒకటి అనండర్రా, గింజలు మాడుతున్నాయి" అన్నాడు డానా లెబారన్. పాప జనవరిలో పుట్టింది, ఒళ్ళోనే ఉంది. "సరే, నేనే ప్రతిపాదిస్తున్నాను."

"బలపరిచేవాళ్ళు?"

 అప్పుడు థర్జా టీచర్ కర్ర ఊతంగా లేచింది.

"నేను బలపరుస్తున్నాను. ధన్యవాదాలు చెప్పడానికి కాదు. మాట్లాడాలంటే ముందు బలపరచాలి కనక." వెనక్కి తిరిగింది. "ఆరిన్, లే."

లేచాడు.

"నువ్వు చేసింది తప్పా?"

"తెలియదు టీచర్."

"మళ్ళీ నీ పేరు పిలిస్తే ఏమంటావు?"

"అదే అంటానేమో."

"ఏమో అనకూడదని మూడో తరగతిలో చెప్పాను."

"ఏమో తీసేస్తే నాకేమీ మిగలదు టీచర్."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె నవ్వలేదు.  

"ఏమైనా కానీ, పన్నులు తగ్గుతాయట" అన్నాడు లెబారన్. భార్య అతని మోకాలి మీద కొట్టింది.

"ఓటుకు పెట్టనా?" అన్నాడు పెక్.

"పెట్టకు" అంది టీచర్. "అవునంటే నేను అబద్ధం చెప్పినట్టు. కాదంటే వీడికి అన్యాయం చేసినట్టు. పదకొండో అంశాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వెయ్యమని ప్రతిపాదిస్తున్నాను."

పెక్ కాగితం కింద పెట్టాడు. "టీచర్, వచ్చే సమావేశం లేదండీ."

"నాకు తెలుసు హారిస్. నేను ప్రతిపాదించాను. నువ్వు అడుగు."

పెక్ అడిగాడు. అందరూ అవునన్నారు. ఆరిన్ పెదవులు కదిలాయి గానీ ఏమన్నాడో వినపడలేదు. నేను అవునుల్లో కలిపాను. సరైన పనేనా అని ఇప్పటికీ అనుకుంటాను.

భోజనాలయ్యాక అతను నా బల్ల దగ్గరికి వచ్చి, పుస్తకంలో రాసింది తలకిందులుగానే చదివాడు.

"తేదీ వెయ్యలేదే?"

"వెయ్యడానికి తేదీ లేదు."

"అయితే ఇంకా తేలలేదన్నమాట."

"తేలలేదు."

తలూపి, టీచర్ కుండ మోసుకెళ్ళడానికి వెళ్ళాడు. ఆమె అతనికి గుడ్డ ఇచ్చింది, చేతులు కాలకుండా.

జులైలో రాష్ట్రం వాళ్ళు వచ్చి ఊరి పుస్తకం తీసుకెళ్ళారు. ఆరిన్ మరి ఏ సభకూ వెళ్ళలేదు. వెళ్ళడానికి ఊరు లేదు. పైనుంచి వచ్చిన అధికారి అతన్నే దారులు చదును చేసే యంత్రం మీద పెట్టాడు. చలికాలంలో మంచు తోశాడు, వసంతంలో తీపి రసం కోసం మేపుల్ చెట్లకు బకెట్లు కట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ తర్వాత ఇంకో ముప్ఫై ఒక్క ఏళ్ళు బతికాడు.

ఏటా మార్చి మొదటి మంగళవారం పొద్దున్నే మా వంటింటి తలుపు తట్టేవాడు. బూట్ల మంచు గడప దగ్గర దులుపుకునేవాడు.

"వాయిదాలోనే ఉందా?"

"వాయిదాలోనే ఉంది."

"సరే" అని కుర్చీ లాక్కునేవాడు. నేను కాఫీ పోసేదాన్ని.